చెలమ ఊరే లోపు

“ఒకటో తారీఖు నుంచి చూడండి అమ్మమ్మగారూ, నేను వేరే మనిషిని” అని ఎవరైనా అంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే ముద్దొస్తుంది. డిసెంబరు ఆఖరు వారంలో ఈ మాట అనని పిల్ల మా వీధిలో లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు సాయంత్రం పూట నరసరావుపేటలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఒట్లు పెట్టుకుంటారు. ఒకతి కోడి కూయకముందే లేస్తానంటుంది. ఇంకొకతి ఏ రోజు పని ఆ రోజే ముగించి గానీ ఇంటికి రానంటుంది. పెద్ద పండగ ముగ్గులు చెరిగేసరికి ఆ ఒట్లూ చెరిగిపోతాయి. అప్పుడు అదే మెట్ల మీద కూర్చుని, మా వల్ల కాదండీ అని మొహాలు వేలాడేస్తారు.

వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా దగ్గర మంత్రం ఏమీ లేదు. నాకు ఒక వాగు తెలుసు, ఆ వాగు పక్కన కూర్చుని చదువుకున్న ఒక మనిషి తెలుసు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా దాదాపు అక్కడే నేర్చుకున్నాను.

నేను చేసిన పని

యాభైల చివర్లో, అరవైల మొదట్లో నేను పల్నాడులో గ్రామసేవికను. బ్లాకు ఆఫీసు తరఫున ఊరూరా తిరగాలి, మహిళా మండళ్ళు నడపాలి. చదువు, కుట్టుపని, పసిపిల్లల పోషణ, పొగ రాని పొయ్యి, ఇవన్నీ ఆడవాళ్ళకు చెప్పాలి. కాగితం మీద అది సేవ. నేల మీద అది నడక. బస్సు దిగిన చోటి నుంచి ఊరికి చేను గట్ల మీదుగా నడుస్తూ, పల్లేరు ముళ్ళు తీసుకుంటూ, చెప్పాల్సిన పాఠం నాలో నేనే అప్పజెప్పుకుంటూ వెళ్ళేదాన్ని.

మొదటి ఏడాది నా గర్వమంతా పొగ రాని పొయ్యి మీదే. ఏ ఇంటికి వెళ్ళినా దాని మీద పాలు కాగుతూ కనబడేవి. నేను మురిసిపోయేదాన్ని. ఒకరోజు చెప్పకుండా వెళితే కొత్త పొయ్యి మీద పిల్లి పడుకుని ఉంది, పక్కన పాత పొయ్యి మీద జొన్న సంకటి ఉడుకుతోంది. “మీరొస్తన్నారని తెలిస్తే దీన్ని వెలిగిస్తామమ్మా” అంది ఆ ఇల్లాలు, ఏ మాత్రం మొహమాటం లేకుండా. ఎదుటివాళ్ళ మెప్పు కోసం పట్టిన అలవాటు వాళ్ళు బస్సెక్కేదాకానే ఉంటుందని నాకు ఆ పిల్లి చెప్పింది.

ఏ కొత్త సంవత్సరం?

మా బ్లాకుకు ఒక కొత్త బీడీవో గారు వచ్చారు. బ్లాకు మొత్తానికి ఆయనే అధికారి. మంచివాడు, చురుకైనవాడు, తొందర మనిషి. ఆయన ఏ పని మొదలుపెట్టినా జనవరి ఒకటిన మొదలుపెట్టేవారు. అలా ఒక జనవరి ఒకటిన జీపు వేసుకుని, మాచవరం అవతల వాగు ఒడ్డున ఉన్న ఒక ఊరికి నన్ను తీసుకుని వెళ్ళారు. ఆ ఊరి పేరు రాయను. రాస్తే నా పేరు ఎందుకు వదిలేశావని అక్కడివాళ్ళు నాతో పోట్లాటకు వస్తారు.

ఆడవాళ్ళంతా బడి వరండాలో కూర్చున్నారు. బీడీవో గారు రంగు పెన్సిళ్ళతో గీయించిన పెద్ద పట్టిక గోడకు తగిలించి, “ఈ కొత్త సంవత్సరం నుంచి మీరందరూ తెల్లవారుజామున లేచి గంటసేపు చదవాలి” అన్నారు.

ముందు వరసలో కోటమ్మత్త ఉంది. ఊరంతటికీ ఆమె అత్తే, నాకు కూడా. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, “ఏ కొత్త సంవత్సరం బాబూ?” అంది.

“ఇవాళే కదమ్మా, జనవరి.”

“అది పాలెం వాళ్ళది గదా. వాళ్ళు పొద్దునే కొత్త కోకలు కట్టుకుని గుడికి బోయొచ్చారు. మాది ఉగాదికి.”

ఊరి పక్కనే ఉన్న కిరస్తానీ పాలెం నుంచి వచ్చిన మార్తమ్మ ఊరుకోలేదు. “మాకు జనవరే గానీ, మా పిల్లోళ్ళ బడికి మాత్రం కొత్త ఏడు జూన్లో వస్తదండీ.”

“మా మొగోళ్ళకు ఏరువాకకు” అంది వెనక నుంచి ఇంకొకామె.

బీడీవో గారు నా వైపు వంగి, “మన ఆఫీసుకు ఏప్రిల్ ఒకటి, ఆ సంగతి వీళ్ళకు చెప్పకండి” అన్నారు. ఆ మాట కూడా వాళ్ళ చెవిన పడి వరండా అంతా నవ్వు. చివరికి ఎప్పుడు మొదలుపెడదామని ఆయన అడిగితే అందరూ ఒకే గొంతుతో “ఉగాదికి!” అన్నారు. వాయిదా వెయ్యడానికి అన్ని సంవత్సరాదులు దొరికే దేశం ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

అందరిలో ఒక్క మనిషి మాత్రం లేచి నిలబడింది. “నేను రేపే మొదలెడతానండీ” అంది.

నాగేంద్రమ్మ

ఆమె నాగేంద్రమ్మ. అయిదో తరగతితో చదువు మానిపించి పెళ్ళి చేశారు. భర్త పోయాక కూతుర్ని తీసుకుని ఈ ఊళ్ళో అన్న పంచన చేరింది. అన్న మంచివాడే గానీ ఆ ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, పండే గింజలు తక్కువ. ఈపూరులో ఉన్న ఆమె బావగారు, అంటే భర్తకు అన్న, తన ఇంటికి రమ్మని కబురు మీద కబురు పంపుతున్నాడు. వెళితే తిండికి లోటు లేదు. ఆ ఇంటి వంట, పశువులు, పొలం పని ఆమె నెత్తిన పడతాయి. కూతురికి బడి ఉండదు. అది ఆమెకు స్పష్టంగా తెలుసు.

సరిగ్గా అప్పుడే ఆ ఊరికి బాలవాడి మంజూరయింది. పసిపిల్లలకు ఆటపాటలతో అక్షరాలు చెప్పే బడి అది. దానికి ఊరి మనిషే టీచరు కావాలి, కనీసం ఎనిమిదో తరగతి ప్యాసవ్వాలి. ప్రైవేటుగా పరీక్ష రాయొచ్చు. బీడీవో గారు ఆమె కోసం ఆ ఉద్యోగాన్ని పరీక్ష ఫలితాల దాకా ఆపుతానన్నారు. అన్న వెళ్ళి ఈపూరు ఆయనను బతిమాలితే, ఆయన వచ్చే ఏటి ఏరువాక దాకా గడువు ఇచ్చాడు. “అప్పటికీ కాకపోతే బండి కట్టుకుని నేనే వస్తా” అన్నాడట.

ఇక ఆమె చదువు చూడాలి! చుక్క పొడవక ముందే లేచి దీపం పెట్టుకుని కూర్చునేది. మొదటి రోజే ఒక పాఠ్యపుస్తకంలో సగం చదివేసింది. నాలుగు రోజులు బ్రహ్మాండంగా సాగింది. ఇంతలో మిరపకాయ కోతలు వచ్చాయి. పగలంతా చేలో ఒంగి కోసి, కళ్ళు మండుతూ వచ్చిన మనిషి తెల్లవారుజామున ఎలా లేస్తుంది? పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోయేది. తర్వాత పుస్తకమే తియ్యలేదు. ఉగాదికి మళ్ళీ పట్టుదలగా మొదలుపెట్టింది. ఈసారి ఇంట్లో పెళ్ళి వచ్చి పడింది. ఏప్రిల్లో బీడీవో గారు ఇంకో పట్టిక పంపారు, ఇంకా ఎక్కువ రంగులతో.

“నాకు చదువు రాదులే అమ్మా. నా తలరాత ఈపూరులోనే ఉంది” అంది ఒకరోజు నాతో. 

ఆమెలో బద్ధకం వెతికినా దొరకదు. గట్టిగా ఒట్టు పెట్టుకునేవాళ్ళలో నేను బద్ధకస్తుల్ని చూడలేదు. మొదటి రోజే ఉన్న ఓపికంతా తోడేసుకుంటారు, అంతే. రెండో వారానికి అడుగున ఏమీ మిగలదు.

సుందరమ్మ గారి కునుకు

ఇక్కడ నా పై అధికారి సుందరమ్మ గారి సంగతి చెప్పాలి. ఆవిడ ముఖ్యసేవిక. మా సేవికలందరి పనీ చూసేది ఆవిడే. ఏ ఊళ్ళో ఉన్నా, ఎవరి ఇంట్లో ఉన్నా, మధ్యాహ్నం అన్నం తినగానే చాప అడిగి వేయించుకుని ఒక కునుకు తీసేవారు. జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చిన రోజు కూడా అంతే. ఆయన చెట్టు నీడన కుర్చీలో ఎదురుచూస్తుంటే లోపల సన్నగా గురక వినబడింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత తెగించి అడిగాను, “ఎట్లా నిద్రపడుతుందండీ మీకు?” అని.

“ఎస్తేరూ, సాయంత్రం నాలుగింటికి నువ్వు ఆడవాళ్ళ మీద విసుక్కోవడం చూశాను. నేను విసుక్కోవడం నువ్వెప్పుడైనా చూశావా?” అన్నారు.

నిజమే, చూడలేదు. ఆవిడ రిటైరయ్యేదాకా ఊళ్ళు తిరిగారు, ఒక్కరి మీద గొంతు పెంచలేదు. నాతో చేరిన చురుకైన పిల్లల్లో కొందరు రెండేళ్ళకే ఒళ్ళు హూనం చేసుకుని మానేశారు. విశ్రాంతి కూడా పనిలో భాగమేనని ఈ రోజుల్లో అందరూ చెబుతున్నారు. మాకు సుందరమ్మ గారు గురక పెట్టి చెప్పారు.

వాగులో బడి

ఆ ఎండాకాలం నేను ఊరికి వెళ్ళేసరికి వరండాలో ఈగ కూడా లేదు. ఆడవాళ్ళంతా వాగుకు పోయారన్నారు. అప్పటికి మాకు సాగరు కాలవ రాలేదు. మే నెలలో ఊరి బావులన్నీ అడుగంటి, తాగే నీళ్ళకు వాగే గతి. వాగంటే ఇసక. ఆ ఇసకలో చేత్తో గుంట తవ్వితే అడుగున నీరు ఊరుతుంది. అదే చెలమ. చిప్పతో కొంచెం కొంచెం తోడి కడవలో పోసుకోవాలి. ఒకరి కడవ నిండాక ఇంకొకరు, వరసగా.

కోపంగానే వెళ్ళాను. ఎండలో అంత దూరం నడిచి వచ్చిన మనిషిని కదా! అక్కడ ఒక కొత్త కోడలు ఆత్రంగా అడుగంటా తోడుతుంటే కోటమ్మత్త కేకలేస్తోంది.

“ఒసేయ్, అంతా ఒక్కసారే తోడమాకే! బురదొస్తది. తేరనీ, ఊరనీ!”

వరసలో నాగేంద్రమ్మ గులకరాళ్ళు ఎగరేసుకుంటూ కూర్చుంది. తన వంతు రావడానికి ఇంకా చాలా సేపు పడుతుంది. రోజూ అంతేనట. నేను ఆ చెలమను చూశాను, ఆమె చేతిలో రాళ్ళను చూశాను. ఆమె నా మొహం చూసింది. ఆ ఆలోచన ముందు ఎవరికి వచ్చిందో ఇప్పటికీ మేమిద్దరం తేల్చుకోలేదు.

“పుస్తకం ఏదీ?” అన్నాను.

“ఇంట్లో ఉందమ్మా. రేపు తెస్తా” అంది, అప్పటికే నవ్వుతూ.

మర్నాడు పుస్తకం నడుముకు చెక్కుకుని వచ్చింది. ఒకటే నియమం పెట్టుకున్నాం. వంతు వచ్చేదాకా చదవాలి, వంతు రాగానే సగం వాక్యంలో ఉన్నా మూసెయ్యాలి. ఇంట్లో చదవాలని ఒట్లు వద్దు. మర్నాడు ఆ సగం వాక్యం దగ్గరే మొదలు. నేను వారానికొకసారి వెళ్ళి తెలియనివి చెప్పేదాన్ని.

అక్కడ రెండు చెలమలు ఉండేవి. ఎగువది ఊరివాళ్ళది, దిగువది పాలెంవాళ్ళది. అప్పటి రివాజు అది. నేను కిరస్తానీ ఇంటి పిల్లను, ఆ రివాజు నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. అందుకని రెంటికీ మధ్య బండ మీద కూర్చున్నాను. నాగేంద్రమ్మ పైకే చదివేది. ఆ గొంతుకు ఎగువా దిగువా తెలియదు. కొన్నాళ్ళకు మార్తమ్మ కింద నుంచి, “అమ్మాయ్, ఆ రాజు సంగతి నిన్న సగంలో ఆపావు. గెలిచాడా పోయాడా?” అని అరిచేది. నాగేంద్రమ్మ పాఠం మానుదామనుకున్నా వీళ్ళు మాననిచ్చేలా లేరు.

లెక్కల పాఠం వచ్చిన రోజు మాత్రం నేను చచ్చినా మర్చిపోలేను. ఒక తొట్టికి పైన ఒక గొట్టం నీళ్ళు నింపుతుంది, కింద ఒక గొట్టం ఖాళీ చేస్తుంది, రెండూ ఒకేసారి తెరిస్తే తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది? నాగేంద్రమ్మ ఇది చదవగానే కడవలు కింద పెట్టి అందరూ లేచారు.

“కింద గొట్టం ఎవడు తెరిచాడంట?” అంది కోటమ్మత్త.

“లెక్క కోసం అత్తా, ఊరికే...”

“ఊరికే ఏందమ్మా! నీళ్ళు అట్టా వదిలేసేవోడికి లెక్కలెందుకు? ముందు ఆ గొట్టం మూయించు!”

“మూసేస్తే లెక్క లేదు అత్తా!”

“లేకపోతే పీడాపోయె!”

అందరం కడుపులు పట్టుకుని నవ్వాం. ఆ లెక్క నాగేంద్రమ్మకు జన్మలో తప్పలేదు.

వాన

వానలు పడ్డాయి. వాగు పారింది. ఊరికి సంబరం, నాకు మాత్రం బెంగ. నీళ్ళు ముంచుకుంటే కడవ చిటికెలో నిండుతుంది. ఇక కాచుకుని కూర్చునే పనేముంది? ఈ చదువు కూడా ముగ్గులా చెరిగిపోతుందని భయపడుతూ వెళ్ళాను.

వాగు ఒడ్డున నిండు కడవలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నాగేంద్రమ్మ చదువుతోంది.

“నీళ్ళు దొరికాయి కదా, ఇంకా ఎందుకు కూర్చున్నారు?” అన్నాను.

“కూచోకుండా పోతే ఏందో మరిచిపోయినట్టు ఉంటందమ్మా” అంది మార్తమ్మ, దిగువ ఒడ్డు నుంచే.

 నా ఉద్యోగంలో నాకు దక్కిన పెద్ద బహుమానం ఆ మాటే. మనిషి మీద మోపిన పని ఆ మనిషిదే అయిపోయే క్షణం ఒకటుంటుంది. అది ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. మానేస్తే వెలితిగా ఉన్నప్పుడే తెలుస్తుంది.

అన్నీ సాఫీగా సాగాయని చెప్పను. క్రిస్మసు ముందు నాగేంద్రమ్మకు చలిజ్వరం వచ్చి మంచం పట్టింది. పుస్తకం అటకెక్కింది. అంతలో మళ్ళీ జనవరి ఒకటి, మళ్ళీ జీపు, మళ్ళీ బీడీవో గారు.

“ఈ కొత్త సంవత్సరం నుంచి మళ్ళీ గట్టిగా మొదలుపెడదాం!” అన్నారు.

“మేం మొన్న బుధవారమే మొదలెట్టాం గదా బాబూ” అంది కోటమ్మత్త.

“బుధవారం ఏం పండగ?”

“పండగేముంది? పిల్లకు జరం తగ్గింది. పుస్తకం తీసింది.”

బీడీవో గారు పగలబడి నవ్వారు. తర్వాత ఎందుకో తన చేతిలో ఉన్న సిగరెట్టు వంక చూసుకున్నారు. దాన్ని ప్రతి జనవరికీ మానేస్తుంటారని మా ఆఫీసులో అందరికీ తెలుసు. గోడ మీద రంగుల పట్టికను మాత్రం ఆ రోజే తీయించేశారు.

మా మెట్ల మీది పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ బుధవారం సంగతే. ఒట్టు తప్పితే తప్పింది. ఇంకో పండగ దాకా ఆగొద్దు. తెల్లారితే ఏదో ఒక వారం ఉంటుంది కదా, అది చాలు.

బండి

నాగేంద్రమ్మ నరసరావుపేటలో పరీక్ష రాసింది. ఫలితం నేనే చూశాను. బస్సు దిగి, చేను గట్ల మీద పరిగెత్తాను. అప్పటికి మళ్ళీ ఎండాకాలం, మళ్ళీ చెలమ, మళ్ళీ వరస. అందరూ నా వైపు చూశారు. నాకు ఆయాసం, దాని మీద ఏడుపు, నోట మాట రాలేదు. నా కన్నీళ్ళు చూసి నాగేంద్రమ్మ మొహం పాలిపోయింది.

కోటమ్మత్త ఆమె భుజం మీద చెయ్యేసి, “పోనీలేవే. మళ్ళీ రాద్దువులే. ఇయ్యాల ఏంది, శుక్రారమా? శుక్రారం నుంచే మొదలెడదాం” అంది.

“ప్యాసయింది అత్తా!” అన్నాను ఏడుస్తూనే.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. ఎవరో నన్ను ఎత్తారు. మార్తమ్మ వాళ్ళు దిగువ చెలమ నుంచి పరిగెత్తుకుంటూ పైకి వచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు. అందరి తొక్కుళ్ళకూ చెలమ మొత్తం బురదయిపోయింది. ఆ రోజు అది తేరేదాకా అందరూ కలిసి కూర్చున్నారు, ఒక్కరూ విసుక్కోలేదు.

ఏరువాక నాటికి బాలవాడి బడి వరండాలో మొదలైంది. నేను చూడ్డానికి వెళ్ళిన పొద్దునే ఈపూరు నుంచి బండి వచ్చి ఆగింది. ఆమె ప్యాసయిన కబురు అందలేదో, అందినా నమ్మలేదో మరి, నాగేంద్రమ్మ బావగారు తలపాగా సర్దుకుంటూ దిగాడు. లోపల ఆమె చుట్టూ పసిపిల్లలు. అక్షరాలు పాడిస్తోంది. ఆయనను చూసి పైట సర్దుకుని లేచింది గానీ, గొంతు మాత్రం తొణకలేదు.

“పాఠం సగంలో ఉందండీ బావగారూ. కాసేపు కూచోండి.”

ఆయన చెప్పులు విడిచాడు. పిల్లల మధ్య చాప మీద కూలబడ్డాడు. ఒక బుడ్డోడు ఆయన ఒళ్ళోకి ఎక్కి మీసం పట్టుకుని ‘అ ఆ’ అన్నాడు. ఆయన కూడా తెలియకుండానే నోరు కదిపాడు. నేను నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను.

కొంతసేపటికి ఆయన గొంతు వినిపించింది, మెత్తగానే.

“ఈ పాఠం ఎప్పటికి అయిపోద్దమ్మా?”

“ఇయ్యాల్టిది ఇంకాసేపట్లో అయిపోద్దండీ” అంది నాగేంద్రమ్మ. “రేపు పొద్దున మళ్ళా ఉంటది.”

ఆయన మజ్జిగ తాగి, పిల్లవాణ్ణి ఒళ్ళోంచి దింపి, ఖాళీ బండి ఈపూరు దారికి మళ్ళించుకుని వెళ్ళిపోయాడు.